కొత్త ఊరు, పల్లెవెలుగు

పెళ్లయ్యో, ఉద్యోగం వచ్చో బేతంచెర్లలో కొత్తగా కాపురం పెట్టినవాళ్లకు సిటీ బస్సులుండవు. డోన్‌కు పోవాలన్నా, నంద్యాలకు పోవాలన్నా ఎక్కువగా పల్లెవెలుగు బస్సే దిక్కు. ఊరు తెలియదు, స్టేజీల పేర్లు తెలియవు. బెరుకుగానే ఉంటుంది.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైంది. ఆధార్ చూపిస్తే ఈ బస్సుల్లో ఆడవాళ్లకు సున్నా టికెట్టు. డబ్బు మిగిలిందని అందరూ అంటారు. నాకైతే పక్క సీట్లో ఇంకో ఆడమనిషి ఉండడమే పెద్ద లాభం అనిపిస్తుంది.

"యాడికి పోవల్లమ్మా?"

"నంద్యాల ఆస్పత్రికవ్వా."

"నేనూ ఆడికే. నాతోపాటు దిగు."

ఈలోగా ఆ అవ్వ మీ అత్తగారి ఊరు, జీతం, పిల్లల సంగతీ లాగేస్తుంది, అది వేరే కథ! కానీ పదిమందిలో పలకరింపు దక్కిన మనిషి జోలికి రావడానికి ఆకతాయిలు జంకుతారు.

అయినా కిక్కిరిసిన బస్సులో చేతులు అదుపులో లేనివాళ్లు తగలొచ్చు. మొహమాటపడకండి. గట్టిగా అరవండి, కండక్టరును పిలవండి, 112కో 181కో ఫోన్ చేయండి. ఇంకోమాట, తిరిగొచ్చే ఆఖరి బస్సు ఎన్నింటికో పొద్దున దిగేటప్పుడే కండక్టరును అడిగి పెట్టుకోండి.