శిశువుతో బొంకవచ్చునా?

జూన్ మాసమున బడులు తెరచిన తొలివారము పాఠశాల వాకిట నిలిచినవారికి ఒక దృశ్యము తరచుగా కానవచ్చును. క్రొత్తచొక్కా తొడిగిన చిన్నవాడు తాతగారి వ్రేలు పట్టుకొని గంతులు వేయుచు వచ్చును. "గుడికి పోదాం, పులిహోర పెడతారు" అని ఇంటివారు వానికి చెప్పియుందురు. వీధిమలుపు తిరుగగనే గోపురము వెనుకబడును, బడిగేటు ఎదురగును. "నేనిక్కడే అరుగుమీద కూర్చుంటానురా" అని తాతగారు పలికి, మనుమడు అటు తిరిగినంతనే ఇంటిదారి పట్టుదురు. బాలుడు వెనుదిరిగి చూచునప్పటికి అరుగుమీద ఎవరును ఉండరు.

బిడ్డ మేలుకొరకే గదా, దీనియందు దోషమేమి యని పెద్దలందురు. వామనచరిత్ర తెలిసినవారు ఈ మాట అనుటకు ముందు కొంచెము ఆలోచింపవలెను. మూడడుగులు వేడిన వటువు శ్రీహరియే యని గ్రహించిన శుక్రాచార్యుడు, బలిని వారించుటకై, అసత్యమాడినను పాపము రాని సందర్భములను లెక్కించి చెప్పెను. పోతన భాగవతమున అష్టమస్కంధములో ఆ ఘట్టము కలదు. స్త్రీవిషయము, వివాహము, ప్రాణహాని, ధనహాని, మానహాని, భయపడిన గోబ్రాహ్మణులను కాపాడుట. అసురగురువు ఇంత ధారాళముగా సడలింపులిచ్చినను, పసివానిని ఏమార్చుటను అందు చేర్చలేదు! బలిచక్రవర్తి ఆ సడలింపులను సైతము త్రోసిపుచ్చి, సర్వస్వము పోవునని తెలిసియు ఇచ్చినమాట నిలుపుకొనెను. ఆ కథ విని చేతులు జోడించునట్టి ఇండ్లలోనే, అరగంట యేడుపునకు వెరచి, మాట తప్పుట జరుగుచున్నది.

అందులోను గుడి పేరు చెప్పి తప్పుట మరింత కష్టము. మరునాడు నిజముగనే స్వామిదర్శనమునకు బయలుదేరినప్పుడు, ఆ బాలుడు వీధిమలుపున కాళ్లు బిగబట్టి నిలుచును. వానికి భక్తి లేదని కోపపడుట న్యాయమా?

బెదిరింపు వేరొక విధమైన బొంకు. "అల్లరి చేస్తే బళ్లో వేస్తాను, పంతులు తోలు తీస్తాడు" అని రెండేండ్లు చెప్పి, మూడవయేట ఆ పంతులు చేతికే అప్పగింతురు. పూర్వపు వీధిబడులలో కోదండము వేయుట యుండెను గనుక, ఆనాడు ఆ మాట క్రూరమే గాని అబద్ధము కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షనులో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించినది. నేడా మాట క్రూరమును, అబద్ధమును గూడ.

అక్షరాభ్యాసము జరుగు తీరు చూడుడు. విజయదశమినాడో, శ్రీపంచమినాడో, పళ్లెములో బియ్యము పోసి, బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, వాని చేయి పట్టి పెద్దలు దిద్దింతురు. బాసరలోనైనను, ఇంటిలోనైనను విధానమిదియే. ఆ కార్యములో బిడ్డకు తెలియకుండ దాచునది ఏదియును లేదు. బడికి పంపుటయు అట్లే జరుగవచ్చును. నాలుగు దినములు ముందుగ అచటికి తీసికొనిపోయి, నీళ్లకుళాయి ఎచటనున్నదో, మరుగుదొడ్డి ఎచటనున్నదో చూపవచ్చును. దాహమైనచో అడుగుట, నిక్కరు తానే విప్పుకొనుట, అన్నపుడబ్బా మూత తీయుట ఇంటిలోనే నేర్పవచ్చును. పసివానికి గంటల లెక్క తెలియదు. "అన్నం తిన్న తరువాత గంట కొడతారు, అప్పుడు ఈ వేపచెట్టు కింద ఉంటాను" అన్నచో తెలియును. అన్నవారు గంటకు ముందే అచట నిలువవలెను. ఎండయనియు, పనియనియు ఆలసింపరాదు.

ఇట్లు చేసినచో బిడ్డ యేడువడా? ఏడ్చును. "నేను ఇంటికి పోతున్నాను" అని నిజము చెప్పినందున మొదటిదినము ఇంకను ఎక్కువగ ఏడ్చునేమో. పెద్దలు వాకిట తచ్చాడవద్దని ఉపాధ్యాయులు చెప్పుట సమంజసమే. కాని చెప్పి వెడలుట వేరు, కన్నుగప్పి జారుకొనుట వేరు. ఎడబాటునకు దుఃఖించిన బిడ్డ పదిదినములలో తేరుకొనును. మోసపోయితినని యెరిగినవాడు ఇంటిలో గూడ కొంగు విడువడు.

ఆ బలిచక్రవర్తి తాతయగు ప్రహ్లాదుడు శుక్రుని కుమారులైన చండామార్కులకడ చదివెను. తండ్రి తొడపై కూర్చుండబెట్టుకొని, నేర్చినదేమని అడిగినప్పుడు, తాను నమ్మినదే చెప్పెను. అడిగిన తండ్రి వినజాలకపోయెను. సాయంకాలము మన ఇండ్లలోను ఆ ప్రశ్నయే అడుగుదురు. "నాకు బడి బాగాలేదు" అని బిడ్డ అనినంతనే, "తప్పు, అలా అనకూడదు" అని నోరు మూయింతురు. అట్లుగాక, "అవును నాన్నా, కొత్త గదా, కష్టంగానే ఉంటుంది. రేపు కూడా పోవాలి. గంట కొట్టేసరికి నేను చెట్టుకింద ఉంటాను" అని చెప్పు తాతగారు ఆ ఇంట నుండవలెను.