తెనాలికి, బాపట్లకు: వాక్యానికి ముందస్తు హామీ ఉంటుందా?

తెనాలి జంక్షన్‌లో రైలు దారి చీలుతుంది. ఒక పాయ రేపల్లె వెళ్లి అక్కడితో ఆగిపోతుంది, ఇంకొకటి బాపట్ల మీదుగా గూడూరు దాకా సాగుతుంది. తెనాలి, రేపల్లె, బాపట్ల ఊళ్లకు టికెట్లు అమ్మే వెబ్ యాప్ ఒకటి ఉందనుకుందాం. దాన్ని ఇంగ్లిషులో తయారుచేసిన ప్రోగ్రామర్ ఒకే వాక్యం రాసి, ఊరి పేరు కోసం ఖాళీ వదిలారు. తెలుగు చేసినవారు ఆ ఖాళీకి ‘కు’ తగిలించారు. ‘బాపట్లకు టికెట్ ఖరారైంది’ బాగానే ఉంది. ‘రేపల్లెకు’ కూడా బాగుంది. ‘తెనాలికు’ అనేసరికి తెలుగు నాలుక అడ్డం తిరుగుతుంది. ఇకారం మీద ‘కు’ కాస్తా ‘కి’ అవుతుందని చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనే సూత్రం చేశాడు. ఆ సూత్రం పేరైనా విననివాళ్లు కూడా తప్పకుండా ‘తెనాలికి’ అనే అంటారు.

యంత్రానికి మాత్రం అందులో తప్పేమీ కనబడదు. ఖాళీలో అక్షరాలు పెట్టమన్నారు, పెట్టింది.

టైప్‌స్క్రిప్ట్ వంటి భాషల్లో కోడ్ నడవకముందే తనిఖీ జరుగుతుంది. సందేశాలకు టైపులు రాసి ఉంటే, లేని సందేశాన్ని పిలిచినా, సంఖ్య ఉండాల్సిన చోట పేరు పెట్టినా, నింపాల్సిన ఖాళీ వదిలేసినా అక్కడికక్కడే ఎర్రగీత పడుతుంది. దీన్నే టైప్ సేఫ్టీ అంటున్నారు. ఐ18నెక్స్ట్ వంటి లైబ్రరీల్లో సందర్భానికీ చోటుంది: ఒకే సందేశానికి మగవారికి ఒక రూపం, ఆడవారికి ఒక రూపం రాసుకోవచ్చు. ఏ రూపం కావాలో చెప్పకుండా ఆ సందేశాన్ని పిలిస్తే యంత్రం ఆపగలదా, ఆపాలా అన్నది సాంకేతిక ప్రశ్నలాగే కనిపిస్తుంది. కానీ దాని వెనక చాలా పాత ప్రశ్న ఉంది. వాక్యం అర్థమవడానికి ఏమేం కావాలి? వాటిలో ఎన్నిటిని ముందే సరిచూడగలం?

ఈ ప్రశ్న తెనాలికి కొత్త కాదు. దేశం నలుమూలల విద్యార్థులు గురువుల దగ్గర ఏళ్ల తరబడి శాస్త్రం చదివి రాసే పరీక్షకు ఈ ఊరి పేరే ఉంది. 2019లో పదహారేళ్ల కుర్రవాడు అందులోని 14 దశలూ దాటినప్పుడు ప్రధానమంత్రి అభినందించారు. న్యాయశాస్త్రంలో, అంటే భారతీయ తర్కశాస్త్రంలో, అడుగుపెట్టే ఎవరైనా తొలుత చదివేది తర్కసంగ్రహం. తెలుగువాడని పండితులు చెప్పుకొనే అన్నంభట్టు దాన్ని పదిహేడో శతాబ్దంలో రాశాడు. వాక్యార్థం తెలియడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలంటాడాయన. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని పేర్లు వల్లించినంత మాత్రాన వాక్యం కాదు. ఒక మాట ఇంకొక మాటను కోరాలి, అదే ఆకాంక్ష. నిప్పుతో తడపమంటే యోగ్యత లేదు. జాముకో మాట చొప్పున పలికితే సన్నిధి లేదు.

టైప్ సేఫ్టీ చేసే పనిలో ఎక్కువ భాగం ఆకాంక్షను కాపలా కాయడమే. ఈ వాక్యం ఒక పేరును, ఒక సంఖ్యను కోరుతోంది, ఇచ్చారా లేదా అని అడుగుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఏ భాష వాక్యం కోరిక అది? చాలా ప్రాజెక్టుల్లో టైపులు ఇంగ్లిషు ఫైలు నుంచే పుడతాయి. ఎవరో వచ్చారని చెప్పేటప్పుడు ఇంగ్లిషు క్రియకు లింగంతో పని లేదు, కాబట్టి టైపూ దాన్ని అడగదు. తెలుగులో ‘వచ్చాడు’ అనాలా, ‘వచ్చింది’ అనాలా, ‘వచ్చారు’ అనాలా తేలనిదే వాక్యం ముగియదు. అంకెల సంగతీ ఇంతే. యూనికోడ్ వారి భాషా సమాచార భండారం సీఎల్‌డీఆర్ లెక్కలో అరబ్బీకి ఆరు వచన రూపాలు, తెలుగుకు రెండు: ఒకటి, తక్కినవి. కానీ ‘మూడు సందేశాలు వచ్చాయి’ అంటాం, ‘ముగ్గురు స్నేహితులు వచ్చారు’ అంటాం. ఆ పట్టికలో రెండూ ‘తక్కినవి’ గదిలోనే ఉంటాయి. లెక్కిస్తున్నది మనుషులనా కాదా అని అడిగే గది అక్కడ లేదు.

ఇంగ్లిషు కోరికలను తీర్చి, అన్ని భాషలూ సురక్షితమని చెప్పడం సరికాదు. అది తెలుగుకు అన్యాయం.

మీమాంసకులు ఇంకో వైపు నుంచి ఈ చోటికే వచ్చారు. పదాలు ముందు తమ తమ అర్థాలు చెబుతాయి, ఆ తర్వాత ఆ అర్థాలు కలుస్తాయని కుమారిలభట్టు వర్గం. పదం ఎప్పుడూ తక్కినవాటితో కలిసిన అర్థాన్నే చెబుతుందని ప్రభాకరుని వర్గం. సాఫ్ట్‌వేర్‌ను స్థానిక భాషల్లోకి తెచ్చే పనిలో, అంటే స్థానికీకరణలో, ఆరితేరినవాళ్లు ముక్కలు అతికించవద్దు, పూర్తి వాక్యాన్నే అనువాదానికి ఇవ్వండని పదే పదే చెబుతారు. వాళ్లు తెలియకుండానే ప్రభాకరుని పక్షాన నిలబడ్డారు. ‘తెనాలికి’ విషయంలోనూ మందు అదే: పేరునూ విభక్తినీ విడదీయకుండా, ఊరితో పాటు దాని ‘కు/కి’ రూపాన్నీ డేటాలో ఉంచాలి, టైపు ఆ రూపాన్నే అడగాలి.

అలాగని తెలుగులో ప్రతి వాక్యమూ లింగం అడగదు. బడి హాజరు యాప్‌లో ‘మీ అబ్బాయి వచ్చాడు’, ‘మీ అమ్మాయి వచ్చింది’ అని విడివిడిగా రాయాలి. రాకపోతే ఇద్దరికీ ‘రాలేదు’ ఒక్కటే చాలు. కాబట్టి కోరిక భాషకొకటి కాదు, వాక్యానికొకటి. మొజిల్లా తయారుచేసిన ఫ్లూయెంట్ పద్ధతిలో, మూలభాషలో లేని భేదాలను అనువాదకులే తమ ఫైలులో చేర్చుకోవచ్చు. దానికి టైపులు కట్టేటప్పుడు అన్ని భాషల ఫైళ్లలోని కోరికలనూ సందేశం వారీగా పోగుచేయాలి. అప్పుడు తెలుగు అడిగినదాన్ని ఇవ్వకపోతే ఇంగ్లిషు ప్రోగ్రామర్ కోడ్ కూడా ముందుకు కదలదు.

ఇంత చేసినా తాత్పర్యం, అంటే చెప్పేవారి ఉద్దేశం, మిగులుతుంది. సైంధవం తెమ్మంటే భోజనం వేళ ఉప్పు, ప్రయాణం వేళ గుర్రం అన్నది నైయాయికుల పాత ఉదాహరణ. బాపట్ల కూడా అలాంటి మాటే: 2022 ఏప్రిల్ 4 నుంచి అది ఊరే కాదు, జిల్లా కూడా; అంతకుముందు గుంటూరు జిల్లాలో ఉన్న రేపల్లె ఇప్పుడు ఆ జిల్లాలోది. ఊరికీ జిల్లాకూ వేర్వేరు టైపులు పెడితే ఈ గందరగోళం తీరుతుంది. కానీ ఏడేళ్ల పిల్లను ‘వచ్చారు’ అంటే ఎబ్బెట్టుగా ఉంటుందనీ, డెబ్బై ఏళ్ల ముసలమ్మను ‘వచ్చింది’ అంటే ఇంటిల్లిపాదీ నొచ్చుకుంటారనీ ఏ టైపూ తనంతట తాను కనిపెట్టలేదు. అది తెలియాలంటే అనువాదకులకు ఆ వాక్యం కనబడే తెర చూపించాలి, చదివేది ఎవరో చెప్పాలి. ఇప్పుడు చాలా చోట్ల వాళ్ల చేతికందేది మాటల పట్టిక మాత్రమే.