పంక్తి ఎవరిది?

పంక్తిభేదం మన సంస్కృతి అని కొందరు పెద్దలు పలుకుతూ ఉంటారు. ఆ మాట చెప్పే అధికారం ఎవరిది? విస్తరి ముందు కూర్చున్నవారిదా, వాకిట నిలిచినవారిదా?

12వ శతాబ్దంలో కల్యాణమున బసవేశ్వరుడు కులం అడుగక దాసోహం సాగించాడు. ఆ శతాబ్దంలోనే పల్నాట బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి, మాల కన్నమదాసును కుమారునిగా చేరదీశాడని వీరగాథ చెబుతున్నది. ఒకరు శైవులు, మరొకరు వైష్ణవులు. పంక్తి మాత్రం ఒక్కటే. కారంపూడి వీరారాధనోత్సవాలలో చాపకూడు నేటికీ సాగుతున్నది.

కనుక పంక్తిభేదాన్ని కాదన్నదీ మన సంప్రదాయమే. అయితే ఉత్సవం నాడు చాపపై కూర్చుని, మరునాడు ఇంట వేరు గ్లాసు పెట్టేవాని నోట బసవని మాట నిలువదు, మెడలో లింగమున్నా సరే. ఆచారం బరువు మోసినవానికే దాని నిజం తెలుసు. ముందు అతనికి చోటివ్వాలి. పిమ్మట అతని మాట వినాలి.