గెలుపు ఎవరి పుణ్యం?

రచనోక్ ఇంతనోన్ చేతికి బ్యాడ్మింటన్ రాకెట్ రావడానికి కారణం ఒకావిడ భయం. బ్యాంకాక్‌లో థోంగ్ యోత్ అనే మిఠాయి చేసే కార్ఖానాలో రచనోక్ తల్లీతండ్రీ పనివాళ్ళు. థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతం నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన కుటుంబం. గుడ్డు సొన కలిపిన పిండిని మరుగుతున్న చక్కెర పాకంలోకి బొట్లు బొట్లుగా జారవిడిచి ఆ మిఠాయి చేస్తారు. శుభకార్యాల్లో పెడతారు. ఆ పాకం కళాయిల మధ్య పసిపిల్ల పరుగులు పెడుతుంటే ఎక్కడ ఒళ్ళు కాల్చుకుంటుందోనని యజమానురాలు కమలా థోంగ్‌కోర్న్ హడలిపోయింది. కాస్త దూరంగా ఉంటుందని తన బ్యాడ్మింటన్ క్లబ్బుకు పంపింది. ఆ క్లబ్బుకీ మిఠాయి పేరే, బాన్‌థోంగ్‌యోత్. అక్కడ చైనా నుంచి వచ్చిన షియె జిహువా అనే కోచ్ ఉన్నాడు.

తర్వాత సంగతి ఆట చూసేవాళ్ళందరికీ తెలిసిందే. 2009లో, 14 ఏళ్ళకు ప్రపంచ జూనియర్ ఛాంపియన్. 2010, 2011లో మళ్ళీ ఆమే. 2013 ఆగస్టులో గ్వాంగ్‌ఝౌలో ఒలింపిక్ విజేత లీ షుయ్‌రుయ్‌ని సొంత జనం ముందే 22-20, 18-21, 21-14తో ఓడించి 18 ఏళ్ళకు ప్రపంచ ఛాంపియన్ అయింది. అంత చిన్న వయసులో ఆ సింగిల్స్ కిరీటం అంతకుముందు ఎవరికీ దక్కలేదు.

ఆ పోటీల సెమీస్‌లో ఆమె ఓడించింది మన సింధునే, 21-10, 21-13తో. ఇద్దరూ 1995లోనే పుట్టారు. టీవీ ముందు కూర్చున్న మా అక్క నిట్టూర్చి, "పెట్టి పుట్టిందే ఆ పిల్ల" అంది. ఆరేళ్ళ తర్వాత బాసెల్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో రచనోక్ సెమీస్‌లో ఒకుహారా చేతిలో ఓడిపోయి, ఆ ఒకుహారానే ఫైనల్లో సింధు 21-7, 21-7తో చిత్తుచేసినప్పుడు అక్క నోట మళ్ళీ అదే మాట వచ్చింది, ఈసారి సింధు గురించి. థాయ్‌లాండ్‌లో ఇలాంటి మాట మనకన్నా సహజంగా వస్తుంది. పొద్దున్నే వీధిలో నిలబడి భిక్షువుల పాత్రల్లో అన్నం వేసేవాళ్ళు పుణ్యం కూడబెట్టుకుంటున్నామనే నమ్ముతారు. గెలిచిన బిడ్డను చూసి, కూడబెట్టిన పుణ్యం ఇప్పుడు పండిందనుకుంటారు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ డిగ్రీ పిల్లలకు తత్వశాస్త్రం పాఠాలు చెప్పినదాన్ని. కర్మ సిద్ధాంతం పాఠం దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు మోలియ శివకుడు గుర్తొస్తాడు. అతను రాజగృహంలో బుద్ధుడి దగ్గరికి వచ్చిన పరివ్రాజకుడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లనేనని కొందరు అంటున్నారు, మీరేమంటారు అని సూటిగా అడిగాడు. బౌద్ధ గ్రంథమైన సంయుత్త నికాయంలో ఉంది ఆ సంవాదం. బుద్ధుడు ఒక జాబితా చెప్పాడు. పిత్తం వల్ల కలిగేవి కొన్ని, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, మూడూ కలిసిన సన్నిపాతం వల్ల కొన్ని. ఋతువుల మార్పు వల్ల కొన్ని. ఒంటిని సరిగా చూసుకోకపోవడం వల్ల, ఇతరులు దాడి చేయడం వల్ల కొన్ని. పూర్వకర్మ వల్ల కలిగేవి చివర్న ఎనిమిదోవి. అన్నిటినీ ఆ ఎనిమిదో దానికే కట్టేసేవాళ్ళు స్వయంగా తెలిసినదాన్నీ, లోకం ఎరిగిన సత్యాన్నీ దాటి మాట్లాడుతున్నారన్నాడు. కర్మను కాదనలేదు. దానికి హద్దు గీశాడు. థాయ్‌లాండ్ భక్తితో కాపాడుకుంటున్న పాలి గ్రంథాల్లోనే ఈ మాట ఉందన్నది నాకు చాలా ముఖ్యం.

అన్నీ పూర్వకర్మ వల్లే జరగవన్న సంగతి బ్యాడ్మింటన్ నియమాలు రాసినవాళ్ళకు బాగా తెలుసనిపిస్తుంది. షటిల్‌కు పదహారు ఈకలు, బరువు 4.74 నుంచి 5.50 గ్రాములు. హాల్లో ఏసీ గాలి ఒక వైపు నుంచి తోస్తే చాలు, లోపల పడాల్సింది గీత దాటిపోతుంది. అందుకే ప్రతి గేమ్ అయ్యాక ఇద్దరూ వైపులు మారతారు. మూడో గేమ్‌లో ఒకరు 11 పాయింట్లకు చేరగానే మధ్యలోనే మారతారు. ఎదురుగాలి ఎవరి పాపమూ కాదు, వెనుకగాలి ఎవరి పుణ్యమూ కాదు. అందుకే దాన్ని ఇద్దరికీ పంచుతారు.

పుణ్యం లెక్కే నిజమైతే రచనోక్ ఓటములకు ఏం చెబుతాం? 2012 లండన్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో వాంగ్ షిన్‌పై మొదటి గేమ్ 21-17తో గెలిచి, రెండో గేమ్‌లోనూ ముందంజలో ఉండి, 18-21, 14-21తో ఓడిపోయింది. 2016 ఏప్రిల్‌లో వరసగా మూడు వారాలు ఢిల్లీ, మలేసియా, సింగపూర్ టైటిళ్ళు కొట్టి ప్రపంచ నంబర్ వన్ అయింది. థాయ్‌లాండ్ సింగిల్స్ క్రీడాకారుల్లో అంతకుముందు ఎవరూ ఆ చోటికి చేరలేదు. అదే ఏడాది రియోలో దేశపు జెండా మోసి, క్వార్టర్స్ కూడా చేరకుండా యమగుచి చేతిలో ఓడింది. టోక్యోలో తై జు-యింగ్‌పై మొదటి గేమ్ తీసుకుని, తర్వాతి రెండూ 18-21, 18-21తో పోగొట్టుకుంది. ఏప్రిల్‌లో నిండుగా ఉన్న పుణ్యం ఆగస్టుకు ఖర్చయిపోయిందందామా? అలా అంటే ఎదుట నిలబడి గెలిచిన యమగుచి కష్టాన్ని కూడా తుడిచేసినట్టే.

పుణ్యం మాటలో మంచి లేకపోలేదు. గెలిచినవాళ్ళకు తల తిరగనివ్వదు. ఇదంతా నా ఒక్కదాని గొప్పే అనుకోనివ్వదు. ఆ వినయాన్ని నేను గౌరవిస్తాను. కానీ ఓడినవాళ్ళ దగ్గర ఆ మాటే కఠినమైపోతుంది. మా వీధి చివర ఒకమ్మాయి చక్కగా ఆడేది, మణికట్టు భలే తిరిగేది. కోర్టు ఫీజూ, ఈక షటిళ్ళ ఖర్చూ ఇంట్లోవాళ్ళు మోయలేక ఇంటర్‌లో మానేసింది. "దానికి రాసిపెట్టి లేదండీ" అంది వాళ్ళమ్మ. ఆ తల్లికి ఆ మాట ఊరట, కాదనను. కానీ ఆ పిల్లకు లేనిది కోర్టు, కోచ్, షటిళ్ళు. రచనోక్‌కు ఉన్నవీ అవే. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆడినవాళ్ళు, గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ ఉంది. ఇవన్నీ మనుషులు చేసినవి, చేయగలిగినవి. పూర్వజన్మ మీదికి నెట్టేస్తే ఇంకో కోర్టు కట్టాల్సిన బాధ్యత ఎవరికీ ఉండదు. బాన్‌థోంగ్‌యోత్ కోర్టులోనే పెరిగిన కున్లవుత్ వితిద్‌సర్న్ 2023లో పురుషుల ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఒకే క్లబ్బులో ఇద్దరు ప్రపంచ విజేతలు! ఇద్దరూ విడివిడిగా పెట్టి పుట్టి అక్కడికే వచ్చారనడం కన్నా, అక్కడ బాగా నేర్పారనడం నాకు నిజాయితీగా తోస్తుంది.

మరి ఆమెది అంటూ ఏం మిగిలింది? బుద్ధుడే ఇంకో చోట, కర్మ అంటే సంకల్పమేనని చెప్పాడు. రచనోక్ ఆటలో నేను చూసేది అదే. వెనక గీత దగ్గర ఆమె రాకెట్ ఎత్తే తీరు స్మాష్‌కూ, క్లియర్‌కూ, డ్రాప్‌కూ ఒకేలా ఉంటుంది. చివరి క్షణం దాకా నిర్ణయం మణికట్టులోనే ఉంటుంది. ఎదుటి అమ్మాయి వెనక్కి అడుగు వేసేసరికి షటిల్ నెట్ పక్కన రాలిపోతుంది. ఆ క్షణం ఆమెది. అది పడిందా, తగిలి ఆగిందా అన్నది గాలిదీ, ఈకలదీ, ఎదుటివాళ్ళ కాళ్ళదీ కూడా.

2024లో పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో, 29 ఏళ్ళ వయసులో, ఇండోనేసియా అమ్మాయి గ్రెగోరియా మరిస్కా తున్‌జుంగ్‌తో మొదటి గేమ్ 23-25 దాకా లాగింది. రెండోది 9-21. ఒలింపిక్ పతకం ఈసారీ రాలేదు. "దానికి ఆ యోగం లేదు" అంది అక్క. నేను ఒప్పుకోలేదు. ఆ మొదటి గేమ్‌లో ఆడిన నలభై ఎనిమిది పాయింట్లలో ఒక్కటీ ముందే రాసిపెట్టి ఉందని నేను నమ్మను.