పదిమందిని పిలుచుటకు ముందు

వర్తకుడు తూకములో పొరపాటు చేసినచో అది కంటికి కనబడును. మరల తూచి సరిచేయవచ్చును. ఒకని ఏకాగ్రతను అకారణముగా భంగపరచినచో ఆ నష్టము ఏ తక్కెడకును అందదు. నేడు చేతిలోని ఫోనుపై ఒక్క వ్రేలు మోపినంత మాత్రమున నలువదిమంది జేబులలో ఒక్కసారిగా గంట మ్రోగుచున్నది. ఇది కేవలము సౌకర్యమునకు సంబంధించిన విషయమా, లేక శీలమునకు సంబంధించినదా యని వ్యాపార కుటుంబములవారు ఆలోచింపవలసి యున్నది.

సిరోంచ ప్రాంతమున ఈ ప్రశ్న మరింత స్పష్టముగా ఎదురగును. ప్రాణహిత గోదావరిలో కలియు చోటికి చేరువనున్న ఈ పట్టణము మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు చెందినది. 1982లో చంద్రపూర్ నుండి విడివడి ఆ జిల్లా ఏర్పడినది. గోదావరి దాటిన తెలంగాణలోని కాళేశ్వరము. జిల్లా కేంద్రము కంటె మంచిర్యాలయే ఇచ్చటివారికి దగ్గర. బజారులో తెలుగు, కచేరీలో మరాఠీ, చుట్టుపట్ల పల్లెలలో గోండి, మాడియా వినబడుచుండును.

ఇట్టి సరిహద్దున ఒక దుకాణమున్నదనుకొందము. దాని అమ్మకము సిరోంచలో, కొనుగోలు మంచిర్యాలలో, లెక్కలు చంద్రపూర్‌లో. యజమాని, ఆయన తమ్ముడు, గుమాస్తాలు, గోదాము కాపలాదారు, సొంత లారీల డ్రైవర్లు అందరును ఒకే వాట్సాప్ గ్రూపులో నుందురు. తెల్లవారగానే శుభోదయపు బొమ్మలు, పిమ్మట ధరల పట్టిక, ఆ పిమ్మట “బస్తాలు దిగినవి”, “సరే”, మరియొక “సరే”. వ్రాత తెలుగైనను మరాఠీయైనను గంటకు మాత్రము భాష లేదు. తెలుగు చదువనేరని చంద్రపూర్ గుమాస్తా ప్రతి మ్రోతకును పని ఆపి చూచును. అది తనకు సంబంధించినది కాదని తెలిసికొనుటకే అతని ప్రొద్దు గడచును. కొంతకాలమునకు విసిగి ఆ గ్రూపు గంటను మూయించును.

వానకాలములో ఒకనాడు సరకు లారీ దారిలో చిక్కుకొన్నదనుకొందము. 2018 ఏప్రిల్ 1 నుండి రాష్ట్రముల నడుమ సాగు రూ. 50,000కు మించిన సరకునకు ఈ-వే బిల్లు ఉండవలెను. 200 కిలోమీటర్లలోపు దూరమునకు దాని గడువు ఒక్క దినము. ఆ గడువు తీరుటకు ముందు 8 గంటలు, తీరిన పిదప 8 గంటలు, ఈ నడుమనే పొడిగింపు కోరవలెను. డ్రైవరు గ్రూపులో వెంటనే తెలియజేసెను. ఆ వార్త అందరికిని చేరినది. పొడిగింపు చేయవలసిన ఒక్కనికి మాత్రము చేరలేదు. సరకు పట్టుబడినచో జరిమానా యజమానిది, చీవాట్లు గుమాస్తావి.

తప్పెవరిది? డ్రైవరు చెప్పవలసినది చెప్పెను. గుమాస్తా వినలేదు, కాని అతని చెవి మొద్దుబారునట్లు చేసినవారెవరు? పనిలేని పిలుపును ప్రతిదినము పిలిచినవారందరును ఆ దోషములో తలా కొంత పాలు పంచుకొనవలసినదే.

జైన గృహస్థుని పండ్రెండు వ్రతములలో అనర్థదండ విరమణ మొకటి. ప్రయోజనము లేకయే ఇతరులకు కలిగించు బాధను విడనాడుటయే దాని యర్థము. బ్రతుకు తెరువునకై కొంత శ్రమ, కొంత సందడి తప్పవని ఈ వ్రతము ఒప్పుకొనును. తప్పించుకొనదగిన దానిని ఏల తప్పించుకొనలేదని మాత్రము అడుగును. అక్కరలేని గంట ఈ కోవకే చెందును. 48 నిమిషముల సామాయికమునకు కూర్చుండువారికి మనస్సును ఒకచోట నిలుపుట ఎంత కష్టమో తెలియును. జమాఖర్చులు సరిచూచు గుమాస్తాకును ఆ నిలకడయే కావలెను. సోఫీ లెరాయ్ అను పరిశోధకురాలు 2009లో ప్రకటించిన వ్యాసములో ఇదియే నిరూపించినది: ఒక పని ముగియక మునుపే మరియొక దానికి మారినవాని మనస్సు కొంత మొదటి పనియందే చిక్కుకొని యుండును, అందుచే రెండవ పనియు చెడును.

అట్లని మౌనమే మేలని తలపరాదు. ఇతరుల నిద్ర చెడునను మొగమాటముతో వరదవార్తను దాచినవాడు అంతకంటె పెద్ద దోషి. ఎప్పుడు ఎంత గట్టిగా పిలువవలెనో గోదావరి తీరమువారికి తెలియనిది కాదు. దిగువనున్న భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులకు చేరగా మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది చేయుదురు. 2022 జూలై వరదలో ఆ మట్టము 71.3 అడుగులకు పెరిగినది. నీరు పెరిగిన ప్రతి అంగుళమునకును మూడవ హెచ్చరికయే చేయుచు వచ్చియున్నచో, ఇల్లు విడువవలసిన నాడు దానిని నమ్మి లేచువారెందరుందురు?

ఇట్టి మెట్లు కార్యాలయపు సందేశ సాధనములలోను కలవు. స్లాక్ అను దానిలో “ఎట్ చానెల్” అని పిలిచిన ఆ చానెల్ సభ్యులందరికిని, “ఎట్ హియర్” అని పిలిచిన అప్పుడు పనిలోనున్న సభ్యులకు మాత్రమే, పేరు పెట్టి పిలిచిన ఆ యొక్కనికే సూచన పోవును. అందరిని పిలుచు అధికారము ఎవరికుండవలెనో నిర్వాహకులు నిర్ణయింపవచ్చును. వాట్సాప్‌లో 2022లో వచ్చిన కమ్యూనిటీ ఏర్పాటున ప్రకటనల గ్రూపు వేరు, పనుల గ్రూపులు వేరు. సాధనములకు కొదవ లేదు; కావలసినది వాడువాని వివేకము.

పైన చెప్పిన దుకాణమువారు లెక్కలకు, గోదామునకు, రవాణాకు వేర్వేరు గ్రూపులు పెట్టుకొనవచ్చును. ఒక విభాగమునుండి మరియొక దానికి పోవు వార్త అచ్చటి బాధ్యుని పేరుననే పోవలెను. అది అతడు చదువగల భాషలో నుండవలెను. ఎవరికి, ఏమి, ఎప్పటిలోగా అనునవి మొదటి పంక్తిలోనే తెలియవలెను. అందినదను జవాబు పంపినవానికి చాలును, ఊరందరికిని అక్కరలేదు. ఆపద వచ్చినపుడు అక్షరములతో సరిపెట్టక ఫోను చేసి మాటాడవలెను.

యజమాని బాధ్యత ఇందు అందరికంటె ఎక్కువ. గుమాస్తా పిలుపును యజమాని మూయింపవచ్చును. యజమాని పిలుపును గుమాస్తా మూయింపలేడు. రాత్రి పడుకొనబోవుచు తోచిన మాటను అప్పుడే పంపుట పెద్దవానికి చిన్న పని. అందుకొనువానికి అది ఆజ్ఞ. పనివేళలు ముగిసిన పిదప ఫోనునకు దూరముగా నుండు ఉద్యోగుల హక్కును ఫ్రాన్సు దేశము 2017 జనవరి 1 నుండి చట్టములో చేర్చినది. వ్రతమెరిగిన కుటుంబములు చట్టము వచ్చువరకు ఆగనక్కరలేదు.

ఈ మాట ఎవరికి పనికివచ్చును, తెల్లవారువరకు ఆగిన ఏమి చెడును, అని పిలుచుటకు ముందు క్షణకాలము తలపోసిన చాలును. అట్లు పొదుపుగా పిలుచు దుకాణములో, ప్రాణహిత పొంగిన రాత్రి గంట మ్రోగినచో, అది తనకేనని గుమాస్తా లేచి చూచును.