చేతులకూ కాస్త చమురు

చలి ముదిరేకొద్దీ బట్టలుతికే చేతులు, ఆసుపత్రిలో పదేపదే సబ్బుతో కడుక్కునే నర్సుల చేతులు పగిలి మండుతుంటాయి. అరచేతి చర్మంలో నూనె గ్రంథులు అసలు ఉండవు. ఉన్న కాస్త జిడ్డునూ సబ్బు లాగేస్తే లోపలి తడి ఆవిరైపోతుంది.

కొత్త క్రీము కొనేటప్పుడు మనం ముందు వాసన చూస్తాం. సున్నితమైన చర్మానికి తరచూ పడనిది ఆ పరిమళమే! గ్లిజరిన్ నీటిని పట్టి ఉంచుతుంది, పెట్రోలియం జెల్లీ దాన్ని బయటికి పోనివ్వదు. ఈ రెండూ ఉండి, సువాసన కలపని క్రీమే మేలని నా నమ్మకం. యూరియా ఉన్నవి మొరటు చర్మాన్ని మెత్తబరుస్తాయి కానీ, పగుళ్ల మీద రాస్తే చురుక్కుమంటాయి. ఖరీదైనదే మంచిదనుకోనక్కర్లేదు. 1872లో అమెరికాలో పేటెంటు పొందిన వాజలీను ఇప్పటికీ చవకే, ఇప్పటికీ పనిచేస్తుంది.

కొత్తది ఏదైనా ముందు మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు కొంచెం రాసి, వారం పది రోజులు చూడండి. దురద, ఎరుపు రాకపోతే చేతులకు వాడండి. కడుక్కున్న వెంటనే, తడి పూర్తిగా ఆరకముందే రాయాలి. పగుళ్లలో రక్తం కనిపించినా, దద్దుర్లు తగ్గకపోయినా చర్మవైద్యుల్ని కలవండి. మీ ఇంట్లో అంట్లు తోమే ఆమెకూ ఒక ట్యూబు కొనివ్వండి.