పరుల వరుసలో పరమాత్మ గానము

నాదము పరబ్రహ్మ స్వరూపమని మన పెద్దల మాట. వేదములలో సామవేదమును తానేనని గీతాచార్యుడు స్వయముగా సెలవిచ్చినాడు. భక్తులు గానము చేయుచోటనే తాను నిలిచియుందునని శ్రీమహావిష్ణువు నారదునితో పలికిన మాట మన ఇండ్లలో పిల్లలకు సైతము తెలిసినదే. ఇవన్నియు విని తల ఊపుట సులభము. కాని ఒక చిక్కు ప్రశ్న మిగిలియున్నది. స్వామికి అర్పించు పుష్పము ఏ తోటలోనిదని అడుగుదుము. నైవేద్యమును ఎవరు, ఎట్టి శుచితో వండినారని అడుగుదుము. మరి పాటను ఏమియు అడుగవలదా? భగవంతుని కీర్తించు పాట యొక్క వరుస మరియొక చోట, మరియొక పనికై పుట్టినదని తెలిసినచో, ఆ అర్పణ పరిశుద్ధమగునా?

ఈ ప్రశ్న నాకు గ్రంథములలో ఎదురైనది కాదు. మా ఇంటిలోనే ఎదురైనది.

అది 1968వ సంవత్సరము. అప్పుడు నాకు పదమూడేండ్లు. తొమ్మిదేండ్ల మా చెల్లెలు ఫిడేలు నేర్చుకొనుచుండెడిది. సరళీ స్వరములు, అలంకారములు దాటిన పిమ్మట మేష్టారు ఆమెకు ముత్తుస్వామి దీక్షితులవారి నోటుస్వర సాహిత్యములలో ఒకదానిని చెప్పినారు. ఒకనాటి ఉదయము ఆమె దానిని సాధన చేయుచుండగా, అరుగుమీద పంచాంగము చూచుకొనుచున్న మా తాతగారు చటుక్కున లేచి, కండువా భుజమున వేసుకొని వీధిలోనికి వెళ్లిపోయినారు. మధ్యాహ్నము భోజనమునకు రాలేదు.

కారణము సాయంకాలమునకు గాని మాకు తెలియలేదు. 1930లో, ఉప్పు సత్యాగ్రహపు రోజులలో, తాతగారు పదునారేండ్ల విద్యార్థి. పాఠశాల ఉత్సవము చివర ఆంగ్ల ప్రభువును కీర్తించు గీతము వాయించినప్పుడు అందరును లేచి నిలుచుండగా, ఆయన ఒక్కరే కూర్చుండిపోయినారు. దానితో ఆయన చదువు ముగిసినది. ఆ మీదట జీవితమంతయు ఒక బియ్యపు మిల్లులో గుమాస్తాగా గడిచినది. ముప్పదియెనిమిదేండ్ల తరువాత, తన ఇంటిలో, తన మనుమరాలి చేత, ఆ వరుసయే మరల వినవచ్చినది.

మేష్టారు నొచ్చుకొని, “అయ్యా! ఇది దొరల పాట కాదు, దీక్షితులవారు సంగీత శ్యామలాదేవిపై రచించిన కీర్తనము” అని విన్నవించినారు. తాతగారు శాంతముగనే, “దీక్షితులవారు మహానుభావులు. కాని ఆ పాట వినబడగనే లేచి నిలువుమని ఆయనను ఎవరును శాసింపలేదు గదా మేష్టారూ!” అన్నారు. మేష్టారి వద్ద దానికి సమాధానము లేకపోయినది. చాలకాలము వరకు నా వద్దయు లేకపోయినది.

దీక్షితులవారు విన్న బ్యాండు

సంగీత త్రిమూర్తులలో ఒకరైన ముత్తుస్వామి దీక్షితులవారు 1835లో పరమపదించినారు. యౌవనములో ఆయన కుటుంబము చెన్నపట్టణమునకు చేరువనున్న మణలి గ్రామములో, అచ్చటి మొదలియారు జమీందారుల పోషణలో నివసించినది. ఆ పోషకులకు తూర్పు ఇండియా కంపెనీ వారితో సంబంధము కలదు. అందుచేత సెయింట్ జార్జి కోటలో వాయించు ఆంగ్ల బ్యాండును వినుభాగ్యము ఈ సోదరులకు కలిగినది. తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్యుల ఫిడేలును నేర్చి, దానిని మన సంగీతమునకు ఒదిగించినారు. నేడు అన్నమాచార్యుల సంకీర్తనకు పక్కవాద్యముగ ఫిడేలు లేని కచేరిని ఊహింపజాలము. అది సముద్రము దాటి వచ్చిన వాద్యమని ఎవరికిని గుర్తుకైనను రాదు.

అన్నగారు వాద్యమును గాక వరుసలను స్వీకరించినారు. విన్న వరుసలకు సంస్కృత సాహిత్యమును కూర్చి, గణపతి, శ్రీరామచంద్రుడు, మీనాక్షి మున్నగు దేవతలపై దాదాపు నలభై చిన్న కీర్తనములు రచించినారు. ఇవి శంకరాభరణ స్వరములలో, గమకముల బరువు లేక, బాలబాలికల నోటికి సులభముగ పట్టునట్లుండును. మన శంకరాభరణము, ఉత్తరదేశపు బిలావలు, పాశ్చాత్యుల ప్రధాన స్వరశ్రేణి, ఈ మూడును ఏడు స్వరస్థానములలో ఒకటియే. అందుచేత ఆ వరుసలు మన ఇంటికి రాగలిగినవి. ‘సంతతం పాహి మాం’ అను కీర్తనకు ఆధారమైన వరుస ఆంగ్ల రాజగీతముది. మా చెల్లెలు ఆనాడు వాయించినది అదియే.

ఒక వరుస, పలువురు ప్రభువులు

ఆ రాజగీతపు వరుస చరిత్రను తరువాత తెలిసికొన్నప్పుడు నాకు ఆశ్చర్యము కలిగినది. 1745లో లండను నాటకశాలలలో అది రాజును దీవించు పాటగా ప్రసిద్ధికెక్కినది. ఆ రాజ్యమునే ఎదిరించి విడిపోయిన అమెరికా వారు 1831లో అదే వరుసకు తమ దేశస్వాతంత్ర్యమును కీర్తించు మాటలు కూర్చుకొన్నారు. రాజులే లేని స్విట్జర్లాండు 1961 వరకు దానిని తన జాతీయగీతముగ పాడుకొన్నది. లీఖ్టెన్‌స్టైన్ అను చిన్న దేశము నేటికిని ఆ వరుసనే పాడుచున్నది. ఒకే వరుస ఒకచోట రాజభక్తిని, మరియొకచోట రాజధిక్కారమును, చెన్నపట్టణపు చెంత జగన్మాత స్తుతిని మోసినది. ఇందులో వరుస యొక్క స్వంత అభిప్రాయము ఏది?

మన శాస్త్రజ్ఞులు పాటను రెండుగా విభజించి, వరుసకు ధాతువనియు, మాటలకు మాతువనియు పేర్లు పెట్టినారు. ధాతువు పాత్ర వంటిది. మాతువు అందులో పోసిన పదార్థము. పాత్ర ఏది పోసినను పట్టును. ఐతే పాత్రకు వాసన అంటుకొనునని కూడ మనకు తెలియును. తాతగారి బాధ ఆ వాసనకు సంబంధించినది.

ఇట్టి బంధుత్వములు రెండు విధములు. ఒకటి చేతులు మారి వచ్చినది. దీక్షితులవారు ఆంగ్లేయులనుండి గ్రహించినట్లే, వంగదేశమున రవీంద్రనాథ ఠాకూరుగారు స్కాట్లండు జానపదుల వరుసలను గ్రహించినారు. ఆ దీక్షితులవారి పూర్వికల్యాణి కృతి ‘మీనాక్షి మే ముదం’ వరుసనే ఆయన తన వసంతగీతమొకదానికి ఆధారము చేసికొన్నారు. పుచ్చుకొన్నవారు ఇచ్చినవారును అయినారు.

రెండవది ఎవరి చేతినుండియు రానిది. షడ్జమునకు పంచమము సంవాది. తంతిని మూడింట రెండు వంతుల వద్ద నొక్కినచో పలుకు స్వరమది. ఆ పంచమమునకు పంచమము రిషభము, దానికి ధైవతము, దానికి గాంధారము. ఇట్లు షడ్జమునుండి నాలుగు మెట్లు ఎక్కినంతనే మోహనరాగపు ఐదు స్వరములు సిద్ధించును. అందుచేతనే మన మోహనము, ఉత్తరాది భూపాలి, చీనా దేశపు పురాతన గీతములు, స్కాట్లండు కొండవాసుల పదములు ఒకే తల్లి బిడ్డలవలె వినిపించును. ఒకరి పాటను ఒకరు దొంగిలింపలేదు. తంతి ఒకటే, నియమము ఒకటే. ఆ నియమమును చేసినవాడు ఏ దేశమునకు చెందినవాడని అడుగవలెను?

తిరుమల చెప్పు సాక్ష్యము

ఇంత దూరము పోనేల? మన తిరుమలయే దీనికి సాక్షి. తాళ్లపాక అన్నమాచార్యులవారు సంస్కృతములో సంకీర్తన లక్షణమును రచించిన పండితులు. ఐనను వడ్లు దంచు స్త్రీల సువ్వి పాటను, ఊయల ఊపు తల్లుల లాలిని, గొబ్బి తట్టు కన్నెల పాటను, కోలాటమును, జాజరను ఆయన స్వామి సన్నిధికి చేర్చినారు. రోటివద్ద పుట్టిన నడక గర్భాలయము ముందు నిలిచినది. రోలు మైలపడలేదు, సన్నిధియు మైలపడలేదు.

మరియొక విషయము ఆలోచింపదగినది. సంకీర్తన భాండారములోని రాగిరేకులపై పాటకు రాగము పేరు చెక్కియున్నదే గాని స్వరములు లేవు. కనుక నేడు మనము కన్నీరు తుడుచుకొనుచు వినుచున్న వరుసలలో అనేకము గత శతాబ్దపు విద్వాంసులు కూర్చినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979), ఆ తరువాత నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాదుగారు మున్నగువారు ఈ సేవ చేసిన పుణ్యాత్ములు. అయిదు వందల యేండ్ల మాట, నిన్నటి వరుస. ఐనను మన భక్తికి లోటు రాలేదు. వరుస ప్రాచీనతయే పవిత్రతకు కొలమానమైనచో, ఆ కన్నీరు పొరపాటని చెప్పవలసివచ్చును. అట్లు చెప్పగలవారెవరు?

కార్తిక శుద్ధ ద్వాదశిని కైశిక ద్వాదశి అందురు. ఆనాడు తిరుమలలో సూర్యోదయమునకు ముందే ఉగ్రశ్రీనివాసమూర్తి తిరువీధులలో ఊరేగుట యాత్రికులు ఎరిగినదే. ఆనాటి పురాణగాథ మన ప్రశ్నకు సూటిగా తగులును. తిరుక్కురుంగుడి క్షేత్రమున నంబాడువానుడను భక్తుడు, లోకము చండాలుడని దూరముంచినవాడు, రాత్రివేళ వెలుపల నిలిచి స్వామిని గానముతో సేవించెడివాడు. ఒక ఏకాదశి రాత్రి బ్రహ్మరాక్షసుడు ఆతనిని పట్టుకొన్నాడు. “నా పాట ముగించి వత్తును” అని ఒట్టు పెట్టి వెళ్లి, పాడి, అన్నమాట తప్పక తిరిగివచ్చినాడు. అప్పుడు రాక్షసుడు దేహమును విడిచి పాట యొక్క ఫలమును యాచించినాడు. కైశికమను ఒక్క పాట ఫలమును పొందినంతనే శాపవిముక్తుడైనాడు.

ఇచ్చట గమనింపవలసినది ఒకటి కలదు. పూర్వజన్మలో బ్రాహ్మణుడై, యజ్ఞములో తప్పిదమువలన రాక్షసుడైన వానికి రాగమే కావలెననినచో ఎవరివద్దనైనను నేర్చుకొనవచ్చును. ఆతడు కోరినది రాగమును కాదు, పాడిన దాని ఫలమును. ప్రాణము పోవునని తెలిసియు తిరిగివచ్చిన సత్యము, ప్రతిఫలము కోరక పాడిన సేవ ఆ ఫలమైనవి. పాట పవిత్రత ధాతువులో లేదు, పాడువాని పుట్టుకలోను లేదు. అది అర్పణలో ఉన్నది.

ఇచ్చుటకు ముందు ఒప్పుకొనుట

ఐనచో ఏ వరుసనైనను ఏ కీర్తనకైనను తగిలింపవచ్చునా? అట్లనుట సాహసము. చలనచిత్రపు పాట వరుసలో భజన సాగుచుండగా శ్రోత మనస్సు స్వామిని విడిచి తెరమీది దృశ్యమునకు పరుగిడినచో, ఆ పాట తన పని చేయలేదనియే అర్థము. వరుస నిర్దోషియే కావచ్చును. కూర్చినవానికి మాత్రము బాధ్యత కలదు. దీక్షితులవారు ఆ వరుసను మనదని నమ్మించుటకు యత్నింపలేదు. గమకములు తొడిగి రూపు మార్చలేదు. నోటుస్వరమను పేరే అది ఎచ్చటినుండి వచ్చినదో చాటుచున్నది. తీసికొన్నదానిని తీసికొన్నట్లు ఒప్పుకొని, తనకొరకు గాక దేవతకొరకు వెచ్చించినారు. ఋణమును ఒప్పుకొనువానికి అది ఋణముగ మిగులదు, కృతజ్ఞతగ మారును.

మరియొక బాధ్యత మనవంటి వారిది. వరుస నిర్దోషియని ఎన్ని ఉదాహరణములతోనైనను నిరూపింపవచ్చును. కాని దాని చేత గాయపడినవాని ముందు ఆ నిరూపణము మేష్టారి మాటవలె తేలిపోవును. గాయపడినవాడు తానై చెప్పువరకు వేచియుండవలెను.

మేము ఏడేండ్లు వేచియుంటిమి. ఆ ఏడేండ్లును మా చెల్లెలు ఇంటిలో ఆ కీర్తనమును వాయింపలేదు. 1975లో శ్రీరామనవమి పందిరిలో ఆమె కచేరి. ముందు నాటి రాత్రి తాతగారే ఆమెను పిలిచి, “ఆ శ్యామల పాట ఇంకను జ్ఞాపకమున్నదా తల్లీ? రేపు వాయింపుము” అన్నారు. మరునాడు ఆమె కమాను ఎత్తగనే నేను పాట వినుట మాని ఆయననే చూచుచుంటిని. ఆయన కన్నులు మూసికొని, చేతులు ఒడిలో పెట్టుకొని, కదలక కూర్చుండిరి. ముగిసిన పిమ్మట నా చూపు గ్రహించి, చిన్నగ నవ్వి, “ఆనాడును కూర్చుంటిని, ఈనాడును కూర్చుంటిని. ఆనాడు అది దొర పాట, లేవవలసిన పనిలేదు. ఈనాడు అది అమ్మ పాట, అమ్మ దగ్గర బిడ్డ కూర్చుండియే వినును” అన్నారు.

అంతకు మించిన సమాధానము నాకు ఏ లక్షణ గ్రంథములోను లభింపలేదు. సర్వనాదములకు నిలయమైన శ్రీనివాసుడు, మనము ఏ దారినుండి తెచ్చిన పాటనైనను మన మనస్సును చూచి స్వీకరించుగాక!